సామాన్ల దగ్గర కూర్చునే మనిషి

ఎండాకాలం సెలవులు అయిపోయేలోపు వాటర్ పార్కుకు తీసుకెళ్లాలని పిల్లలు మా ప్రాణాలు తోడేశారు. సరేనని ఒక ఆదివారం పొద్దున, వనపర్తిలో మా ఇంటి ముందు గదిలో, మా పెద్ద బావ వచ్చే వారం టికెట్ల కోసం వేళ్లు ముడుస్తూ మనుషులను లెక్కపెట్టాడు. తాను, తన భార్య, వాళ్ల ఇద్దరు పిల్లలు, మా ఆయన, నేను, మా పాప. లెక్క అక్కడ ఆగిపోయింది. ఆయనకు ఎదురుగానే మా అత్తమ్మ, అంటే ఆయనను కన్న తల్లి, చేటలో పల్లికాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది.

అత్తమ్మ సంగతేమిటని అడిగాను.

“అమ్మ నీళ్లల్ల దిగుతదా ఏంది? బండి కాడ కూసుంటది. లోపలికి బువ్వ తేనియ్యరంట. బువ్వ కాడ ఒక మనిషి ఉండాలె కద” అన్నాడు బావ.

ఆయన చెడ్డవాడు కాదు. పెబ్బేరులో విత్తనాల దుకాణం నడుపుతాడు. తల్లికి మందులు ఒక్క పూట కూడా ఆలస్యం కానివ్వడు. అందుకే నాకు ఇంకా మండింది. చెడ్డవాళ్లయితే తిట్టి ఊరుకోవచ్చు. ఇట్లాంటి మంచివాళ్లను ఏం చేయాలో తెలియదు. అత్తమ్మేమో తలెత్తకుండానే, నాకెందుకు టికెట్ అన్నట్టు చెయ్యి ఊపింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. ఆ పేరు నిలబెట్టుకున్నాను. అత్తమ్మ లోపలికి రాకపోతే నేనూ రాను, ఇద్దరం బండి దగ్గరే కూర్చుంటాం అన్నాను. మా ఆయన వెంటనే ఫోన్‌లో తల దూర్చాడు. బావ నవ్వి, సరే అమ్మకూ టికెట్ తీసుకుందాం, లోపల కూడా బట్టల సంచుల దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా అన్నాడు. టికెట్ వచ్చింది గానీ కొలువు మారలేదు.

ఇది ఆ ఒక్కరోజు మాట కాదు. గద్వాల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను. బీచుపల్లిలో అందరూ కృష్ణలో మునుగుతుంటే అత్తమ్మ మెట్ల మీద చెప్పులకూ ఫోన్లకూ కాపలా. మేమంతా తడిసి వచ్చాక నాలుగు చుక్కలు తల మీద చల్లుకుని, నాది అయిపోయింది పదండి అనేది. మన్ననూర్ వెళ్లినప్పుడు అందరం జీపెక్కి అడవి చూడటానికి పోతే, ఆమె కట్టె పట్టుకుని కోతుల నుంచి మా అన్నం గిన్నెలను కాపాడింది. జింకలు చూశామని మేం గొప్పలు చెబుతుంటే వడ్డిస్తూ విన్నది. ఎవరైనా అడిగితే, ఆమెకు అలవాటేలే అంటారు. అలవాటు అనే మాట మా ఇంట్లో ఎప్పుడూ ఒక్కరి గురించే అంటారు.

అందుకని ఈసారి సర్దే పని నేను తీసుకున్నాను. నా పట్టుదల ఒక్కటే. కాపలా కాయాల్సిన వస్తువు ఏదీ ఇంట్లోంచి కదలకూడదు. ఎవరి సంచి వాళ్లదే, అందులో ఒక జత బట్టలు, ఒక తువ్వాల. అవి పార్కులో తాళం వేసే అరల్లో పెడతాం. గొలుసులూ గడియారాలూ ఇంట్లో బీరువాలోనే ఉంటాయి. తిండి లోపలే కొనుక్కుంటాం. ఇది విని బావ భార్య, నేను అక్కా అని పిలుస్తాను, నాకు మతి పోయిందేమో అన్నట్టు చూసింది. ఆమె ఊహలో పులిహోర అప్పటికే కలపడం కూడా అయిపోయింది. వెనక గదిలోంచి చాప దించి దుమ్ము దులుపుతోంది. చాపెందుకన్నాను. కూర్చోవడానికి అంది. కూర్చోవడానికి పోవడం లేదక్కా అన్నాను. పిల్లలకు బయటి తిండి పడదంది. ఆ పిల్లలే బడి ముందు బండి మీద ఏమేం తింటారో నేను ఏకరువు పెట్టాను. ఆ పూటంతా మా బదులు గిన్నెలే గట్టిగా మాట్లాడుకున్నాయి.

అసలు యుద్ధం అత్తమ్మతోనే. పార్కులో చీరతో నీళ్లలోకి దిగనివ్వరు, నైలాన్ బట్టలే వేసుకోవాలి. అత్తమ్మ పెళ్లయినప్పటి నుంచి చీర తప్ప ఇంకోటి కట్టలేదు. మా వీధిలో బట్టలు కుట్టే ముస్లిం అక్క, అందరం ఆపా అంటాం, కిందటేడు వాళ్ల ఇంటిల్లిపాదితో అదే పార్కుకు వెళ్లొచ్చింది. అత్తమ్మ పాత జాకెట్ ఒకటి కొలతకు పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. ఆపా తను కుట్టుకున్న జత తీసి చూపించింది. మణికట్టు దాకా చేతులు, మోకాళ్లు దాటిన పొడవు, కింద పైజామా, ముదురు నీలం గుడ్డ. “నేను దిగిన. మా అత్త గూడ దిగింది. ఎవ్వరేం జూడలె. ఎవ్వరి పరేషాన్ల వాళ్లున్నరు” అంది. అలాంటిదే అత్తమ్మకూ కుట్టించాను.

జత చేతికిస్తే అత్తమ్మ విప్పి చూసింది, మళ్లీ మడతపెట్టి మంచం మీద పెట్టేసింది. ముసలిదాన్ని ఆట పట్టిస్తున్నావా అని అడిగింది. నేను ఊరుకోలేదు. ఎవరి సంచి వాళ్లదే చేశాను, నువ్వు కాపలా కాయడానికి ఏమీ మిగల్చలేదు, ఇక నీకు సాకు లేదు అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

“సామాన్ల కాడ కూసునుడు నా పని. ఇన్నేండ్లల్ల మనది ఒక్క చెప్పు పోలె. గిప్పుడు అది గూడ వద్దంటున్నవు. ఇంక నేను వచ్చుడెందుకు?”

నాకు కోపం ఇంకా ఎక్కువైంది. చెప్పులు పోతే కొత్తవి కొనుక్కుంటారు, నీ బతుకంతా వాటి దగ్గరే పోయింది కదా అనేసి గదిలోంచి బయటికి వచ్చేశాను. అన్నాక భయమేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. అబద్ధమైతే కదా తీసుకోవడానికి.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మిద్దె మీద ఆరిన తువ్వాళ్లు తీస్తుంటే అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పులని ఆమె మామూలుగా మిద్దె ఎక్కదు. పిట్టగోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుని, ఆ పార్కులో నీళ్లు ఎంత లోతుంటాయని అడిగింది. మహా అయితే ఛాతీ దాకా ఉంటాయి, భయపడకు, నేను చెయ్యి పట్టుకుంటాను అన్నాను.

అత్తమ్మ నవ్వింది. “నన్ను నువ్వు పట్టుకుంటవా? నీకు ఈత వస్తదా?”

రాదు. కృష్ణ పక్క ఊళ్లో పుట్టి కూడా రాదు. మా ఆయనకూ బావకూ రాదు. వాళ్లు పెరిగేనాటికి పొలాల్లో బావులు ఎండిపోయి బోర్లు వచ్చాయి. అత్తమ్మకు వచ్చు. ఇన్నేళ్లు ఒకే వంటింట్లో తిరిగి కూడా ఆ సంగతి నేను అప్పుడే మొదటిసారి విన్నాను. గోపాల్‌పేట దగ్గర పుట్టింటి బావిలో అన్నలు ఆమె నడుముకు తేలే బెండ్లు కట్టి దింపారట. కొద్దిరోజులకే బెండ్లు విప్పేసి, గడ్డ మీది నుంచి దూకి, బావి అడుగున మట్టి పిడికిట్లో పట్టుకుని పైకి తెచ్చేదట. పెళ్లయి వచ్చిన మొదటి ఎండాకాలం అత్తవారి పొలం బావిలో కూడా అలాగే దూకింది. అది ఆమె మామ చూశాడు. కోడలు బావిలో దూకడమేమిటని అందరి ముందూ తిట్టి, గట్టు మీద బట్టల మూటల దగ్గర కూర్చోమన్నాడు.

“గప్పుడు కూసున్న బిడ్డ. మళ్ల లెమ్మని ఎవ్వరు అనలె. నేను గూడ లేవలె” అంది అత్తమ్మ.

నాకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. ఎప్పుడో పోయిన ఆ పెద్దాయన ఎదురుగా ఉంటే కడిగి పారేసేదాన్ని. ఆయన లేడు కాబట్టి తువ్వాళ్ల మీద చూపించాను. ఒక్కటీ సరిగా మడతపడలేదు. ఇద్దరం కిందికి వచ్చాక ఆ నీలం జత తీసి ఆమె సంచిలో పెట్టబోయాను. అత్తమ్మ నా చేతిలోంచి లాక్కుని, ఎవరి సంచి వాళ్లదే అన్నావు కదా అని తనే పెట్టుకుంది.

తెల్లారి అద్దె బండి వచ్చేసరికి అక్క తన పంతం నెగ్గించుకుంది. పులిహోర గిన్నె మూతకు గుడ్డ కట్టుకుని తయారుగా ఉంది. బావ దాన్ని ఎత్తుకొచ్చి, ఒలకకుండా పట్టుకోమంటూ అలవాటుగా అత్తమ్మ ఒళ్లో పెట్టబోయాడు. అత్తమ్మ చేతులు చాపలేదు.

“నీ కాళ్ల కాడ వెట్టుకో బిడ్డ. నేను ఈత కొట్టనీకి వస్తున్న.”

బావ నవ్వబోయి ఆగిపోయాడు. “నీకు ఈత వస్తదా అమ్మా?”

“నువ్వెన్నడు అడగలె” అంది ఆమె మామూలుగా.

షాద్‌నగర్ దాటేదాకా బావ ఆ గిన్నెను రెండు కాళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. వెనక సీట్లోంచి చూస్తూ నేను లోలోపల పండగ చేసుకున్నాను. మంచి కోడలైతే జాలిపడేదేమో. నేను పడలేదు.

గిన్నె బండిలోనే ఉండిపోయింది. పార్కులో బట్టలు మార్చుకుని వచ్చిన నానమ్మను పిల్లలు ఒక్క క్షణం పోల్చుకోలేకపోయారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మెట్లు ఒక్కొక్కటే దిగింది. నీళ్లు ఛాతీకి వచ్చేసరికి కాళ్లు ఎత్తి వెల్లకిలా పడుకుంది. నేను మెట్ల పక్క కడ్డీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను, భయం నాకే. ఆమె కళ్లు మూసుకుని హాయిగా తేలుతోంది. అప్పుడే బావ జారుడుబల్ల మీది నుంచి పడి, ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గుకుంటూ గట్టెక్కాడు.

“అమ్మా, నా తువ్వాల ఏడుంది?”

అత్తమ్మకు వినబడింది. నేను పక్కనే ఉన్నాను, ఆమె కళ్లు తెరవడం చూశాను. ఆ గొంతు పిలిస్తే తినే కంచం ముందు నుంచి కూడా లేచే మనిషి. ఈసారి మళ్లీ కళ్లు మూసుకుని, రెండు కాళ్లూ ఆడించి, ఆయనకు ఇంకొంచెం దూరం జరిగింది.