వానపాములకు ఉపవాసం

తడి కాగితం మీద పాకే వానపాములకు ఒక వాసన ఉంటుంది. వాన వెలిసిన చేనుదీ, బాగా మగ్గిన ఎరువుదీ కలిసిన వాసన. ఈ ఉదయం మా ల్యాబ్‌లో ప్లాస్టిక్ పెట్టె మూత తీయగానే అది గుప్పుమంది. వెంటనే సుభద్ర మేడం గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆవిడ రిటైరై అత్తాపూర్‌లో హాయిగా ఉంది. మంట మాత్రం నాకు వదిలిపెట్టి వెళ్లింది.

శంషాబాద్ చుట్టుపక్కల నేలలో బతికే వానపాములు, జెర్రులు, చిన్న చిన్న పురుగులు ఏ జాతివో వాటి డీఎన్‌ఏ చదివి తేల్చడం మా పని. కంటికి అచ్చం కవలల్లా ఉండే రెండు వానపాములు డీఎన్‌ఏ దగ్గరికి వచ్చేసరికి దూరపు చుట్టాలు కూడా కాకుండా పోతాయి. ఈ పనికి మేడం మా బాస్. కాకినాడ మనిషి. ఎంత కోపం వచ్చినా గొంతు పెంచేది కాదు, "దయచేసి" అనేది. ఆ మాట వచ్చిందంటే ఇక ఆ రోజు మన పని అయిపోయినట్టే.

ఆవిడకు ఒక నియమం ఉండేది. ఏ జీవినీ నిండు కడుపుతో, చెడకుండా దాచే స్పిరిట్ సీసాలో వేయకూడదు. రెండు రోజులు తడి కాగితం మీద ఉంచాలి, పొట్టలోని మట్టీ తిండీ అంతా బయటికి పోవాలి, అప్పుడే పరీక్ష. నేను చేరిన కొత్తలో ఒక జెర్రి డీఎన్‌ఏ చదివిస్తే కంప్యూటర్ దాన్ని వానపాము అంది. నేను తెల్లమొహం వేశాను. మేడం మాత్రం, "అది జెర్రి పేరు కాదమ్మా, జెర్రి చేసిన భోజనం పేరు" అంది. ఆ మాటకు ల్యాబంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ నియమం మమ్మల్ని ఎంత ఏడిపించిందో చెప్పలేను. ఊరంతా ఆదివారం బిర్యానీ తింటుంటే మేము ల్యాబ్‌కు వచ్చి వానపాముల ఉపవాసానికి కాపలా కాసేవాళ్లం.

ఒక జూన్ నెలలో, తొలి వానలు పడ్డాక, ఎయిర్‌పోర్టు గోడకు కాస్త అవతల యాదయ్య అనే రైతు చేనుకు వెళ్లాం. అక్కడ తవ్వుతుంటే దారంలాంటి సన్నటి వానపాములు అరడజను దొరికాయి. లేత నీలం నిగనిగ. మేడం ఒక్కోదాన్నీ భూతద్దం పెట్టి చూసింది. అంతకు ముందు అలాంటిది ఆవిడ ఎక్కడా చూడలేదట. కొత్త జాతి కావచ్చు. కానీ ఆ చేను గోదాము కోసం అమ్ముడుపోయింది.

"సోమారం జేసీబీ వస్తది బిడ్డా. గిప్పుడే ఎన్ని గావాల్నో అన్ని తీస్కపోండ్రి. మాకైతే ఎర్రలంటే చేపల గాలానికే. మీకేందో మరి!" అన్నాడు యాదయ్య.

అది శుక్రవారం. ల్యాబ్‌కు రాగానే నేను స్పిరిట్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. మేడం దాన్ని పక్కకు జరిపి, పెట్టెలో తడి కాగితం పరవడం మొదలుపెట్టింది.

"మేడం, జర నా మాట ఇనుండ్రి. ఇవి పోతే మళ్ల తేవడానికి చేనే ఉండది. గిప్పుడే స్పిరిట్ల ఏద్దాం."

"ఇంత సన్నటి వాటి పొట్ట విడదీయలేం కదమ్మా. మట్టితో వేస్తే ఏం చదివామో మనకే తెలియదు. సోమవారం దాకా ఆగుదాం. దయచేసి."

ఆ మాట రానే వచ్చింది! పళ్లు కొరుక్కుంటూ ఇంటికి పోయాను. ఆదివారం పొద్దున కాపలా కాసి మేము ఇంటికి పోయాక, మధ్యాహ్నం కరెంటు పోయింది. పెట్టె ఉంచిన చల్లటి బీరువా వేడెక్కి పొయ్యిలా అయింది. సోమవారం పొద్దున మూత తీస్తే ఐదు వానపాములు కరిగి కాగితానికి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కటే కదులుతోంది. అదీ పిల్లది. వయసొచ్చిన వానపాముకు మెడ దగ్గర ఉండే పట్టీ దీనికి ఇంకా రాలేదు. ఆ పట్టీ చూడనిదే కొత్త జాతి అని పేరు పెట్టడానికి వీల్లేదు.

చేనుకు పరుగెత్తాం. అప్పటికే పైమట్టి సగం లేచిపోయింది. మేడం చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని జేసీబీ ముందుకు వెళ్లి నిలబడింది. అరవైకి దగ్గరపడిన మనిషి!

"అమ్మా, పక్కకు జరుగుండ్రి. మా సేటు పరేషాన్ జేస్తడు" అన్నాడు డ్రైవర్. ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. అతను విసుక్కుంటూనే ఇంజిన్ ఆపి, "చాయ్ తాగొస్త, గంతే" అని వెళ్లాడు. ఆ కాసేపట్లో ఇద్దరం చేతులు బొబ్బలెక్కేలా తవ్వాం. ఒక్కటీ దొరకలేదు. చాయ్ అయిపోయింది, జేసీబీ మళ్లీ కదిలింది.

మిగిలిన ఆ పిల్లదాని డీఎన్‌ఏ చదివిస్తే, ముత్యంలా శుభ్రంగా వచ్చింది. ప్రపంచంలో ఎవరూ నమోదు చేసిన ఏ జాతితోనూ కలవలేదు. అంటే అది కొత్తదే. కానీ పేరు లేదు, పెద్దది లేదు, చేను లేదు. అందరూ కూర్చున్న మీటింగులో మేడం లేచి, "పద్మ చెప్పింది, నేను వినలేదు. తప్పు నాది" అని కూర్చుంది. ఆ మాటతో నాకు తిట్టుకునే అవకాశం కూడా లేకుండా చేసింది. రెండు రోజులు కడుపులో దాచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. ఏవి దొరికినా సగం అప్పటికప్పుడు స్పిరిట్‌లో, సగం ఉపవాసానికి. పోయిన ఆదివారం అత్తాపూర్ వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పాను. మేడం శ్రద్ధగా విని, మెచ్చుకుంది.

"మంచి పద్ధతి. ఎవరు నేర్పారమ్మా?"

"మీరే మేడం."

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఏ రోజు నేర్పిందో ఆవిడకు అర్థమైందని మొహం చూస్తే తెలిసింది. అనకుండా ఉండాల్సింది అనుకున్నాను. ఏదైనా ఓదార్పు మాట కోసం వెతుక్కుంటుంటే ఆవిడే అడిగింది.

"అది మళ్లీ ఎక్కడా దొరకలేదా?"

"లేదు మేడం. కందుకూరు దాకా చూసినం. ఏడా లేదు."

"హిమాయత్ సాగర్ వైపు చూశారా?"

"ఆడ అంతా రాళ్లు మేడం. గంత సన్నటిది ఆడెట్ల బతుకుతది?"

"చూడకుండా ఎలా తెలుస్తుంది? వెతకండి. దయచేసి."

మర్నాడు పొద్దున హిమాయత్ సాగర్ కట్ట దిగువన, మోకాళ్ల దాకా బురదలో, రాళ్ల మధ్య పలుగుతో తవ్వుతూ ఆవిడను నోరారా తిట్టుకున్నాను. తిట్టడం అయ్యాక ఇంకో గుంట మొదలుపెట్టాను.