సిరంజి అల్లుడు, గులాబీ రంగు నీళ్ళు

వీధిలో అందరూ అతన్ని సిరంజి అల్లుడంటారు. అల్లుడెందుకంటే అత్తగారింట్లో కాపురం కాబట్టి. సిరంజి అతని ఉద్యోగం. సముద్రం వెనక్కి తగ్గగానే ఒడ్డు ఇసుకలోకి సన్నటి గొట్టం దింపి, నేల అడుగు నుంచి సముద్రంలోకి ఊరే నీళ్ళను సిరంజితో లాగుతాడు. అందులో చిటికెడు పొడి కలిపితే, ఎరువు ఉన్నకొద్దీ నీళ్ళు గులాబీ రంగులోకి తిరుగుతాయి. పెళ్ళయిన కొత్తలో "సముద్రానికి సూది పొడుస్తాడట!" అని చుట్టాలు నవ్వారు. అతనూ నవ్వేశాడు. నవ్వక చేసేదేముంది, ఆ జీతానికి వేరే ఇల్లు రాదు.

ఈ ఏడు ఊరి ముందు సముద్రం పచ్చటి పాచి కట్టి, చేపలు వెల్లకిలా తేలాయి. కంపు సంగతి చెప్పనక్కర్లేదు.

"ఈ పాచిని పెంచే ఎరువు ఎవరి పెరటి నుంచి వస్తోందో పట్టుకో," అన్నాడు ఆఫీసరు.

అల్లుడు రంగు వెంట పడ్డాడు. ఒడ్డున లేత గులాబీ. సందులోకి తిరిగాక బావి బావికీ రంగు ముదిరింది. దానిమ్మ రసంలా మారిన చోట తలెత్తి చూస్తే, ఎదురుగా తీగ మీద తన చొక్కాయే ఆరుతోంది.

అది అత్తగారి గులాబీ తోట. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ పోయడానికి చెయ్యి రాని ఆ మహాతల్లి మొక్కలకి ఎరువు మాత్రం దోసిళ్ళతో పోస్తుంది. ఓ మొక్క తొక్కాడని పెద్దల్లుణ్ణి మళ్ళీ గడప తొక్కనివ్వలేదు. ఇక తోటకే ఎసరు పెట్టేవాణ్ణి ఉంచుతుందా?

"నువ్వే చెప్పు, మీ అమ్మేగా," అని భార్యని బతిమాలాడు.

"సిరంజి మీదేగా, మీరే చెప్పండి. ఈలోగా నేను పెట్టె సర్దుతాను," అందామె. అన్నట్టే సర్దడం మొదలుపెట్టింది.

మర్నాడు గుండె చిక్కబట్టుకుని అత్తగారిని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. ఆఫీసరు అప్పటికే ముక్కు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"మనది ఇసుక నేల కదా, అత్తయ్యా. వేళ్ళు తాగేలోపే ఎరువు నీళ్ళతో కిందికి జారి ఇక్కడ తేలుతోంది. ఈ పాచి... మీ ఎరువు వల్లేనండీ."

ఆవిడ ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నేళ్ళు పోశాను. ఆ మొండిముఖాలు ఏడాదికి నాలుగు పూలు పూస్తే గొప్ప. ఇది చూడు అల్లుడూ, ఒక్కనాడు పలకరించకపోయినా ఎంత ఏపుగా పెరిగిందో!"

"ఇంతకీ దీనికి బాధ్యులెవరు?" అన్నాడు ఆఫీసరు.

అల్లుడు నోరు తెరిచేలోపే ఆవిడ ముందుకొచ్చింది.

"నేనే. ముందు ఆ ముక్కు మీంచి చెయ్యి తియ్యండి. పెంచినదాన్ని ఎదురుగా ఉన్నాను."

ఇల్లు పోదని అల్లుడికి అర్థమైంది. ఇక ఆవిడ చేత ఎరువు ఎలా మాన్పించాలో మాత్రం అర్థం కాలేదు.