సెలవు సబ్బు

కొయ్యపని షెడ్డులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ అతను ‘ఆరనీ మేస్త్రి’. జిగురు పెట్టిన తలుపును ఎవరైనా ఎత్తబోతే “ఆరనీ” అంటాడు. వార్నీషు మీద రెండో పూతకు తొందరపడితే “ఆరనీ” అంటాడు. కొత్తగా కోసిన కలప బండి దిగితే దాన్ని రంపం దగ్గరికి రానివ్వడు. చెక్కకూ చెక్కకూ మధ్య పుల్లలు పెట్టించి, నాలుగు వైపులా గాలి ఆడేలా పేర్పించి, మళ్ళీ అదే మాట. టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, “దీన్ని కూడా ఆరనివ్వాలా మేస్త్రీ?” అని వేళాకోళమాడితే, “నువ్వు తెచ్చేసరికే చల్లారిపోయిందిగా, ఇంక నేను ఆరబెట్టడం ఎందుకు!” అనేవాడు.

ఈ పని అతనికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. విరిగిన కుర్చీలను ఊడదీసి, ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో చూసుకుంటూ నేర్చుకున్నాడు. మొదటి కిటికీ పచ్చి కర్రతో చేశాడు. అది ఎండకు మెలితిరిగిపోయింది, రెక్క మూతపడలేదు. ఆ ఇంటాయన కిటికీ వంకా, ఇతని ముఖం వంకా చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ‘ఆరనీ’ అన్న మాట ఆ రోజున అతని నాలుకకు పట్టుకుంది. ఏదైనా చెడిందంటే తప్పు వస్తువులోనే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది, దొరికితే సరిచేయొచ్చు అన్న నమ్మకం కూడా అప్పటిదే.

ఇంట్లో ఉండేది ముగ్గురు. అతను, భార్య, అతని చెల్లెలు. తల్లి పోయేనాటికి చెల్లెలింకా నిక్కర్లేసుకుని తిరిగే పిల్ల. అన్నే పెంచాడు. ఇప్పుడామె ఆస్పత్రిలో, పసిబిడ్డల వార్డులో ఆయా. పుట్టిన పిల్లలకు ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం, ఏడిస్తే ఎత్తుకోవడం ఆమె పని. పెళ్ళి మాట ఎత్తితే, “నాకు పూటకో పిల్లాడు పుడుతున్నాడు, మళ్ళీ పెళ్ళెందుకు వదినా?” అనేది. “పిల్లలు సరే, నా మొగుడి గారాబమంతా పంచుకు తింటున్నావుగా, ఆ వాటా తగ్గుతుందని నా ఆశ,” అనేది వదిన. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

సబ్బు గొడవ వానాకాలం మొదట్లో వచ్చింది.

“ఏమండీ, ఇలా వచ్చి చూడండి. ఇది సబ్బా, పిండిముద్దా?”

నడవాలో ఉన్న వాష్‌బేసిన్ దగ్గర నిలబడి పిలిచింది భార్య. ప్లాస్టిక్ పెట్టెలో అడుగున నీళ్ళు నిలిచి, కొత్త సబ్బు సగానికి సగం కరిగి జారిపోతోంది. అతను పెట్టెను వెలుతురులోకి ఎత్తి తిరగేసి చూశాడు. “దీనికి అడుగున చిల్లుల్లేవు. నీళ్ళెటు పోతాయి? సబ్బుకు స్నానం మనం చేయిస్తున్నాం,” అన్నాడు.

ముందు చిల్లులు పొడిచాడు. అది చాలదనిపించి, ఆదివారం కూర్చుని టేకు ముక్కలతో స్టాండు చేశాడు. సన్నటి బద్దలు, వాటి పైఅంచులు ఇంటికప్పులా రెండు వైపులా వాలేలా చిత్రిక పట్టాడు. బద్దల మధ్య చిటికెనవేలు దూరేంత సందు, మొత్తానికి గోడవైపు నుంచి కొంచెం వాలు. కుళాయి చినుకు పడని చోట, గాలి తగిలేలా బిగించాడు. “సబ్బు పీట మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. చాప మీద పడుకున్నట్టు పడుకుంటే కిందవైపు ఎప్పటికీ ఆరదు,” అని భార్యకు చూపించాడు. పని ముచ్చటగా వచ్చింది. పక్కింటావిడ వచ్చి చూసి, తనకూ ఒకటి కావాలంది.

అయినా సబ్బు కరిగింది.

తప్పు సబ్బులోనే ఉందనుకున్నాడు. దుకాణం నుంచి తెచ్చిన సబ్బులన్నీ కాగితాలు విప్పి, బీరువా మీద అంచులపై నిలబెట్టాడు. కలప లాగే సబ్బులోనూ లోపల చెమ్మ ఉంటుంది. ఆరినది గట్టిపడి నిదానంగా అరుగుతుంది. పెద్ద బిళ్ళను దారంతో రెండు ముక్కలుగా కోశాడు. నీళ్ళలో పాడైతే సగమే పాడవుతుందని లెక్క. అప్పటికీ కుదరక, స్టాండుకు పైన ఇంకో అర బిగించి రెండు సబ్బుల పద్ధతి పెట్టాడు. ఒకటి వాడుతుంటే రెండోది పై అరలో ఆరాలి, మర్నాడు తారుమారు. భార్య వాటికి పేర్లు పెట్టింది. వాడేది డ్యూటీ సబ్బు, ఆరేది సెలవు సబ్బు.

“ఇవాళ సెలవెవరిదండీ, ఆకుపచ్చదానిదా?” అని పొద్దున్నే అడిగేది. “నా పెళ్ళయ్యాక నాకు ఒక్క సెలవైనా ఇచ్చారా? సబ్బుగా పుట్టినా బాగుండేది.”

చెల్లెలు మామూలుగా అయితే ఈ మాటకు నాలుగు మాటలు కలిపేది. ఈమధ్య కలపడం లేదు. ఆమె కూడా సెలవులోనే ఉంది. “మిగిలిపోయిన సెలవులు వాడుకోమన్నారు,” అని చెప్పింది. చేతులు ఎప్పుడూ చున్నీ కింద పెట్టుకుని ఉంటోంది. తలనొప్పిగా ఉందంటూ కంచం గదిలోకి తీసుకుపోతోంది.

“అమ్మాయి నవ్వగా చూశారా మీరు?” అంది భార్య ఒకరోజు.

“సెలవులో ఉంది కదా, పడుకోనీ,” అన్నాడతను. అతని చూపు స్టాండు మీద ఉంది. పై అరలో సెలవు సబ్బును వేలితో తాకి చూస్తే తడిగా ఉంది. అది అతనికి మింగుడుపడలేదు. “దీన్నెవరు ముట్టుకున్నారు?”

“నేనైతే ముట్టుకోలేదు. ఆ దొరగారి సెలవు నేను చెడగొట్టను,” అంది భార్య.

ఆ రాత్రి స్టాండు విప్పి, వాలు ఇంకాస్త పెంచి, మళ్ళీ బిగించాడు.

మరుసటి వారంలో ఒకనాడు షెడ్డులో కరెంటు పోయింది. ఇక సాయంత్రం దాకా రాదన్నారు. అతను మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. భార్య బజారుకు వెళ్ళినట్టుంది, గుమ్మం దగ్గర ఆమె చెప్పుల్లేవు. లోపల కుళాయి పారుతోంది.

నడవా మొదట్లోనే ఆగిపోయాడు. చెల్లెలు చేతులు మోచేతుల దాకా బయటపెట్టి వాష్‌బేసిన్ ముందు నిలబడి ఉంది. ఒక్కో వేలూ విడివిడిగా, గోళ్ళ సందులు, అరచేయి వెనకవైపు, మణికట్టు, అన్నీ వార్డులో నేర్పిన వరసలో రుద్దుతోంది. కడుక్కుంది. రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. డ్యూటీ సబ్బు అరిగి వేళ్ళలోంచి జారి బేసిన్‌లో పడింది. దాన్ని తియ్యలేదు. పై అరలోకి చెయ్యి చాపి రెండోది అందుకుంది.

“అది సెలవు సబ్బు కదమ్మా,” అన్నాడతను.

అనేశాక తెలిసింది, అనాల్సింది అది కాదని.

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. కుళాయి కట్టలేదు. “నీకు సబ్బే కనిపించిందా అన్నయ్యా?” అంటూ చేతులు అతని ముందుకు చాపింది.

గరుకు కాగితంతో తోమిన చెక్క ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. కణుపుల దగ్గర చర్మం చిట్లి, చీలికల్లో ఎర్రగా పచ్చి కనిపిస్తోంది. అతను ముందు కుళాయి కట్టాడు. ఆ పని ఒకటి కనిపించింది కాబట్టి చేశాడు. తర్వాత ఇద్దరూ నడవాలోనే నేలమీద కూర్చున్నారు.

“వార్డులో ఒక పాప పోయింది,” అంది ఆమె. “జ్వరం పట్టుకుంది. రెండు రోజులు నేనే చూసుకున్నాను. పోయాక వాళ్ళ అమ్మమ్మ వరండాలో నన్ను ఆపింది. నా మణికట్టు పట్టుకుని అందరికీ చూపించింది. ‘ఇవే. మా పాపను ముట్టుకున్న చేతులు ఇవే’ అంది.”

“నీ తప్పు ఉందన్నారా ఆస్పత్రిలో?”

“లేదు. పరీక్షలు చేశారు. పుట్టేటప్పటికే పాప ఒంట్లో ఉన్న జబ్బు అన్నారు. డాక్టరుగారు నన్ను పిలిచి మరీ చెప్పారు.”

“మరింకేం?”

“ఆవిడ నా చేతుల్ని చూసిందిగా అన్నయ్యా.”

ఆమే మళ్ళీ అంది. “ఇది మామూలు సెలవు కాదు. పెద్ద సిస్టరు నా చేతులు చూసి ఇంటికి పంపేసింది. పగిలిన చేతుల్లోనే క్రిములుంటాయట. పచ్చి ఆరితేనే వార్డు గడప తొక్కమంది. వచ్చే నెల మొదట్లో చేతులు చూపించాలి. ఆరకపోతే గుడ్డలు మడతపెట్టే గదిలో వేస్తారు. పిల్లల దగ్గరికి ఇంక పంపరు.” ఒడిలో చేతులు వెల్లకిలా పెట్టుకుని చూసుకుంది. “కడిగితే ఇవి ఆరవు. కడక్కపోతే నేనుండలేను.”

‘ఆరనీ’ అన్న మాట అతని నోటిదాకా వచ్చింది. బతుకంతా అందరికీ పంచిపెట్టిన మాట. పంటి కింద నొక్కిపెట్టి మింగేశాడు.

భార్య సంచీతో వస్తే, మెట్ల దగ్గరే ఆపి సంగతి చెప్పాడు. ఆమె సంచీ కిందపెట్టేసింది.

“మీరు సబ్బుకు ఇల్లు కట్టారు,” అంది. “నేను మాత్రం ఏం చూశాను? పేర్లు పెట్టి ఆడుకున్నాను,” అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

డాక్టరిచ్చిన ఆయింట్‌మెంటు గదిలోనే ఉంది, ట్యూబు సగం కూడా తగ్గలేదు. రాసుకున్న మరుక్షణం కడిగేసుకుంటోందట. వదిన పక్కన కూర్చుని, కసరకుండా, బుజ్జగించకుండా, రెండు చేతులకూ రాసింది. పాత చీరలోంచి మెత్తని పేలికలు చించి చుట్టింది. చుట్టిందే గానీ, అవి ఎంతసేపుంటాయో ఎవరికీ నమ్మకం లేదు. చెల్లెలి కళ్ళు అప్పుడే నడవావైపు తిరిగాయి.

అతను వంటింట్లోంచి స్టూలు తెచ్చాడు. దాని కాలు ఊగుతోందని భార్య ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటోంది. షెడ్డులో ఊరందరి కుర్చీలూ బాగుచేసేవాడికి ఇంటి స్టూలు కనపడలేదు. కాలు ఊడదీశాడు, పాత జిగురు గీకాడు, కొత్తది పెట్టి సుత్తితో మెల్లగా దిగ్గొట్టాడు.

“అమ్మాయ్, ఇలా వచ్చి పట్టుకో. రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కు. జిగురు పట్టేదాకా కదపకూడదు. వదిలావంటే కాలు వంకరగా నిలిచిపోతుంది.”

“క్లాంపులు లేవా?”

“షెడ్డులో ఉండిపోయాయి.”

చెక్కను బిగించి పట్టే రెండు క్లాంపులూ తలుపు వెనక మేకుకు వేలాడుతున్నాయి. వదిన వెళ్ళి వాటిమీద తువ్వాలు కప్పింది.

“అది పొడి తువ్వాలేగా వదినా, మళ్ళీ ఎందుకు ఆరేస్తున్నావు?”

“ఆరినదాన్నే ఆరేస్తాను, నా ఇష్టం. ఈ ఇంట్లో అందరికీ అదేగా పని.”

చెల్లెలి పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వు అనడానికి లేదు. కూర్చుని స్టూలు పట్టుకుంది. అతను ఎదురుగా కూర్చుని రెండో వైపు పట్టుకున్నాడు.

కాసేపటికి ఆమె నుదుట చెమట పట్టింది. “కడుక్కోవాలి అన్నయ్యా.”

“జిగురింకా పచ్చిగా ఉంది.”

“ఒక్కసారి వెళ్ళొస్తాను.”

“కాలు వంకరపోతుంది.”

ఏడ్చింది. ఏడుస్తూనే పట్టుకుంది. ఆమె చేతుల వణుకు చెక్కలోంచి అతని చేతులకు తెలుస్తోంది. భుజం తిమ్మిరెక్కినా అతను కదల్లేదు. గుమ్మంలో ఎండ గోడమీదికి పాకింది. చివరికి జిగురు అంచును గోటితో నొక్కి చూసి, “చాలమ్మా,” అన్నాడు.

ఆమె ఒక్క పరుగున నడవాలోకి వెళ్ళింది. పేలికలు దారిపొడవునా పడ్డాయి. కుళాయి చాలాసేపు పారింది. అతను స్టూలు మీద చెయ్యి పెట్టుకుని వింటూ కూర్చున్నాడు. కాలు నిటారుగా, రాయిలా నిలిచింది. మంచి పని. దాన్ని చూస్తే అతనికి ఏమీ సంతోషం కలగలేదు. వదిన పేలికలు ఏరుకుని, ట్యూబు తీసుకుని, వెళ్ళి మళ్ళీ రాసింది.

మర్నాడు ఇంట్లో ఊగే కాలు ఇంకేదీ లేదు. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి, కుర్చీని పెరట్లోకి తీసుకుపోయి, అటూ ఇటూ చూసి, సుత్తితో వెనకకాలు కీలు ఊడగొట్టాడు. తను చేసిన కుర్చీయే. కీలు ఎంత బాగా కుదిరిందంటే ఒక పట్టాన ఊడలేదు. చక్కగా ఉన్న కీలును విరగ్గొట్టడం అతని బతుకులో అదే మొదలు. ముక్కను చేత్తో పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత కేక వేశాడు. “అమ్మాయ్! ఈ కుర్చీ కూడా ఊడింది, రా!”

చెల్లెలు వచ్చి, విరిగిన చోట తెల్లగా ఉన్న చెక్కను చూసింది. పని తెలిసినవాడి చెల్లెలు. కొత్తగా విరిగిందేదో పాతగా వదులైందేదో ఆమెకు తెలుసు. కూర్చుని చేతులు చాపింది.

అలా కుర్చీలయ్యాయి, పీటలయ్యాయి, అటక నిచ్చెన మెట్లయ్యాయి. కొన్ని రోజులు పట్టుకుని ఉండేది. కొన్ని రోజులు మధ్యలో వదిలేసి పరుగెత్తేది. ఒక పీట కాలు నిజంగానే వంకరగా నిలిచిపోయింది. అతను దాన్ని సరిచెయ్యలేదు. దాని మీదే కూర్చుని తింటున్నాడు.

ఒక పొద్దున ముఖం కడుక్కోబోతూ అలవాటుగా స్టాండు తడిమాడు. డ్యూటీ సబ్బు మెత్తగా, వేలు పెడితే దిగిపోయేలా ఉంది. పై అరలోది తీశాడు. పొడిగా ఉంది. అడుగు కూడా పొడిగానే ఉంది. గోటితో గీస్తే సన్నటి పొడి రాలింది. రాత్రంతా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎలా ఉన్నదాన్ని అలాగే, ఏ వైపు ఏ అంచు ఉందో అలాగే పెట్టేసి, ఎవరికీ చెప్పలేదు. పెద్ద సిస్టరుకు చేతులు చూపించాల్సిన రోజు దగ్గర్లోనే ఉంది. చేతులు కొంత మేలు, అంతే.

వెనకాల చెల్లెలి గది తలుపు తెరుచుకుంది. అతను పక్కకు తప్పుకున్నాడు. కుళాయి తిరిగిన చప్పుడయింది. ఆగింది. నిలబడి విన్నాడు. మళ్ళీ తిరిగింది.

వంటింట్లోకి వెళ్ళి, గోడల వెంట, మూలల వెంట చూపు తిప్పాడు.

“ఏం వెతుకుతున్నారో నాకు తెలుసు,” అంది భార్య, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా. “ఇంక మంచం ఒక్కటే మిగిలింది. అదీ విప్పెయ్యండి. కింద పడుకుందాం.”