పండక్కని దాచిన కోళ్ళు

మలయాలో సుంగై సిపుట్ అనే ఊరి దగ్గరి ఆ రబ్బరు తోటలో ముత్యాలు చేతి కోడి తినకుండా ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు బతికి ఏం బావుకున్నట్టో చెప్పండి! కోతలు కావివి. వారమంతా చెట్లు గీసి, రబ్బరుపాలు మోసి, భుజాలు కాయలు కాసిన ఆడది. ఆదివారం వచ్చిందంటే మాత్రం ఆ కూలీల ఇళ్ళ లైనుకి రాణి. కోడిని కోసి, ఈకలు పీకి, మంటమీద కమర్చి, పసుపూ ఉప్పూ వెల్లుల్లీ ఎండుమిరపకాయలూ నూరి ఒళ్ళంతా పట్టించి, ఇనపచువ్వకి గుచ్చి రబ్బరుకట్టె నిప్పులమీద నెమ్మదిగా తిప్పేది. కొవ్వు కారి నిప్పుల్లో చుర్రుమందంటే ఇరుగూ పొరుగూ అన్నం గిన్నెల ముందు కూచుని నిట్టూర్చేవాళ్ళు.

ఆ విద్య తండ్రి కాంతయ్య ఇచ్చింది. కాంతయ్య ఒకప్పుడు దొర బంగళాలో వంటవాడు. ఆ దొరకి ఆదివారం మధ్యాహ్నం కాల్చిన మాంసం బల్లమీద ఉండాల్సిందే. అలాంటిది, క్రిస్మస్ దగ్గరపడుతోందంటే దొరసాని అది మానిపించేసేది. కొన్ని వారాలు ఉత్త సూపూ రొట్టే. నోరు ఊరి ఊరి ఉంటేనే పండగ పండగలా ఉంటుంది కాంతయ్యా, అనేదట. ఆ మాట మన కాంతయ్యకి తెగ నచ్చేసింది. ఇంటికి పట్టుకొచ్చి దీపావళికి తగిలించాడు. వినాయక చవితి వెళ్ళిన దగ్గర్నుంచీ ఆదివారం కోడి బంద్. మళ్ళీ దీపావళినాడే. తండ్రి పోయాక చువ్వా, ఆ పట్టుదలా రెండూ కూతురికి వచ్చాయి.

ముత్యాలు మొగుడు అప్పన్న ఒట్టి మంచివాడు, ఒక్క నాలుకే వాడి మాట వినదు. ఆ వారాల్లో కోళ్ళగూడు చుట్టూ తిరిగేవాడు.

"ముత్యాలూ, ఒక్క పెట్టే. సన్నదేనే. ఏటవుతాది?"

"నోరు కట్టుకో మావా. పండక్కి తిందువుగాని, పొట్ట పగిలీలాగ."

"ఓలమ్మా, అంతవరకు నా నాలిక ఎండిపోద్దే!"

"ఎండనీ. అప్పుడే రుసి తెలస్తాది." అని నవ్వేసేది. మొగుడు అలా బతిమాలుకోవడం ఆమెకి లోలోపల ఎంత ఇష్టమో! అడగనీ, ఇంకా అడగనీ, పండగనాడు వాడి మొహం చూడాలి అనుకునేది. కూతురు పాపాయి కూడా తండ్రితో చేరి సాగదీసేది. ముత్యాలు కరిగేదా? రాయి!

పక్కింట్లో పకీరిసామి అని ఒకడు. అక్కా అక్కా అంటూ చనువుగా తిరిగేవాడు, ఆదివారం ఆదివారం వాడింటికి ఒక తొడ ముక్క వెళ్ళేది. కమ్యూనిస్టులమీద తెల్ల సర్కారు ఎమర్జెన్సీ పెట్టాక వాడు స్పెషల్ కానిస్టేబులై తుపాకీ తగిలించుకున్నాడు. తుపాకీతో పాటు కాస్త పొగరూ వచ్చిందనుకోండి. చవితి తరవాత తొడ ముక్క ఆగిపోయేసరికి "పోలీసోణ్ణి, నాకూ పస్తేనా అక్కా?" అన్నాడు. ముత్యాలు వాణ్ణి కూడా నవ్వుతూనే తరిమేసింది.

అది మెర్డెకాకి, అంటే మలయా స్వతంత్రానికి, ఐదారేళ్ళ ముందు మాట. లైనులన్నీ ముళ్ళతీగ లోపలికి నెట్టేశారు. బియ్యం కొలిచి ఇచ్చేవారు. గేటు దాటి గుప్పెడన్నం పట్టుకెళ్తే జైలే, ఎందుకంటే అది అడవిలో దాగిన కమ్యూనిస్టుల కడుపులోకి పోతుందని సర్కారు భయం. అడవోళ్ళేమీ తక్కువ తినలేదు. తిండి ఇవ్వనన్న కంగాణిని, కూలీల మేస్త్రీని, చెట్టుకి కట్టి, వాడి గీతకత్తితోనే పొడిచి చంపారు. పగలు తుపాకులవాళ్ళ తన్నులు, సందు దొరికితే అడవోళ్ళ పోట్లు. మధ్యన నలిగిపోయింది కూలీజనం.

ఆ ఏడు దీపావళి ఇంకో వారం ఉందనగా అడవోళ్ళు రోడ్డు మలుపులో పోలీసు లారీని కాల్చేశారు. లోపలున్నవాళ్ళు లోపలే కాలిపోయారు. పోలీసులు పిచ్చెత్తినట్టు అడవి గాలించారు. మనుషులు దొరకలేదు, ఆరిన పొయ్యి దొరికింది. చుట్టూ కోడి ఈకలూ, ఎముకలూ.

"ఈ కోళ్ళెవరివి?" అని తెల్ల ఆఫీసరు కానిస్టేబుళ్ళని నిలబెట్టి అడిగాడు. అప్పుడు తెరిచాడు నోరు పకీరిసామి. అప్పన్న ఇంట్లో ప్రతి ఆదివారం కోడి కాల్చేవారు దొరా, కొన్ని వారాలుగా పొగే లేదు, ఆ కోళ్ళు ఎటు పోతున్నాయో మరి, అన్నాడు. అంతే. ఆ మాట అనడానికి వాడికి ఎంతసేపు పట్టింది?

పాలు తూస్తున్న చోటే అప్పన్నని పట్టుకున్నారు. బకెట్టు తన్నేశారు, పాలు నేలపాలు. తుపాకీ మడమతో కడుపులో ఒకటిచ్చి జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు. సాయంత్రం లారీలో ఈపో డిటెన్షన్ క్యాంపుకి పంపేస్తారని మాట వచ్చింది. అక్కడికి పోయినవాళ్ళలో కొందరిని ఓడెక్కించి ఇండియా తోసేస్తున్నారు. ముత్యాలు ఏడవలేదు. గీతకత్తి నడుముకే ఉంది, తీసి ఇంట్లో పెట్టాలని కూడా తోచలేదు. కోళ్ళన్నిటినీ గంపలో కూరి, నెత్తిన పెట్టుకుని పోలీసు పోస్టుకి నడిచింది.

గంప పోస్టు మెట్లమీద ఆఫీసరు ముందు దించింది. "సూడండి దొరా. మా కోళ్ళన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్కటీ అడవికి పోనేదు. నా మొగుణ్ణి ఒదిలేయండి." పకీరిసామి తల ఎత్తకుండా ఆ మాటలు ఆఫీసరుకి మలాయిలో చెప్పాడు.

ఆఫీసరు గంపలోకి తొంగిచూశాడు. "ఇన్ని కోళ్ళు పెట్టుకుని తినకుండా ఎందుకు దాచింది? రేపు అడవికి పంపడానికేగా?"

"పండక్కి దొరా! ఇది మా ఆచారం కూడా కాదు, మీదే. క్రిస్మస్ ముందర బంగళా దొరసాని ఆదివారం కాల్పు మానిపించీది. మా అయ్య అక్కడ నేర్సుకున్నాడు."

పకీరిసామి చెప్పింది విని ఆఫీసరు పగలబడి నవ్వాడు. క్రిస్మస్ ముందు ఆదివారం రోస్టు మానేసే తెల్లవాణ్ణి నేను పుట్టాక చూడలేదు, దీనికి అబద్ధమాడటం కూడా రాదు, అన్నాడు.

అప్పుడే లోపలి గదిలోంచి అప్పన్న అరుపు వినబడింది. అది మనిషి అరుపులా లేదు.

ముత్యాలు గంపమీదికి వంగింది. గంపలో చెయ్యి పెట్టి ఒక పుంజుని లాగింది. నడుమునున్న కత్తి దూసి మెట్టుమీదే మెడ తెగ్గోసి ఆఫీసరు కాళ్ళమీదికి విసిరింది. "ఇదిగో! ఇది పంపనేదు!" ఇంకోటి లాగింది. "ఇదీ పంపనేదు!" తలలేని కోడి మెట్లమీద గింగిరాలు తిరిగింది. ఆఫీసరు తెల్ల మేజోళ్ళమీద నెత్తురు చిమ్మింది. తుపాకులు లేచాయి. ఆమె చూడనే లేదు. కోస్తోంది, విసురుతోంది, అరుస్తోంది. మొహమంతా నెత్తురు, నోట్లో ఈకలు. "తినండి! అందరూ మెక్కండి! నా మొగుణ్ణి నాకు ఇచ్చీండి!"

పకీరిసామి తుపాకీ కిందపడేశాడు. ఆఫీసరు కాళ్ళు పట్టుకుని మలాయిలో నిజం చెప్పి గోడుగోడుమని ఏడ్చాడు. తరవాత ముత్యాలువైపు తిరిగి, "అక్కా, నాను ఏటీ సూడనేదే. నాకు ముక్క పెట్టనేదని కడుపు మండి అన్నానే!" అన్నాడు. ఆఫీసరు బెత్తంతో వాడి మొహం చీరేశాడు. చెంప తెగి వేలాడింది. అప్పన్నని వదిలేయమన్నాడు. ఆ కోళ్ళమీద కిరసనాయిలు పోసి గోతిలో పూడ్చమన్నాడు. అడవోళ్ళకి ఒక్క ముక్క దొరక్కూడదు కదా!

అప్పన్న గోడ పట్టుకుని నడిచి బయటికి వచ్చాడు. పళ్ళు సగం లేవు. కడుపు ఉబ్బి రాయిలా ఉంది. మందులిచ్చే తోట డ్రెస్సరు నొక్కి చూసి, లోపల ఏదో తెగింది, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, కర్ఫ్యూ పెట్టేశారు, పొద్దున్న లారీ వస్తుంది, అని వెళ్ళిపోయాడు. చాపమీద పడుకోబెడితే వాడు పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు.

"ముత్యాలూ. ఒక్క కోడి కాల్సే."

"కాలస్తాను మావా. ఇప్పుడే కాలస్తాను."

"తిననేనే. వాసన తగిలితే సాలు."

ఇంట్లో ఈక కూడా లేదు. లైను పొడుగునా తలుపు తలుపూ కొట్టింది. పోలీసు చూపు పడిన ఇంటికి కోడినివ్వడానికి ఎవరికి గుండె ఉంటుంది? లోపల గడియలు పడ్డాయి. చివరింటి వళ్ళియమ్మై, ముసలి తమిళావిడ, పెరటి తలుపు తీసి గుడ్లు పెట్టే పెట్టని చేతిలో పెట్టి "ఓడు, ఓడు" అంటూ పరిగెత్తమంది.

కోసింది, కమర్చింది, చువ్వకి గుచ్చింది. మసాలా నూరే ఓపిక లేక ఉప్పు రుద్దింది. మొదటి కొవ్వుచుక్క నిప్పుల్లో పడి చుర్రుమంది. అంతలో పాపాయి గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, అయ్య పలకటం నేదు" అంది.

ముత్యాలు సగం కాలిన కోడిని చేత్తోనే పట్టుకుని లోపలికి దూకింది. అరచేతి చర్మం ఊడి దానికి అంటుకుపోయింది. ముక్క చీల్చి వాడి నోటికి పెట్టింది. దవడ బిగిసిపోయింది. వేళ్ళు దూర్చి విప్పబోయింది. "తిను మావా! పెట్టినాను గదా, తిను!" రొమ్ముమీద గుద్దింది. తల గోడకేసి కొట్టుకుంది. వళ్ళియమ్మై వచ్చి నడుం పట్టి లాగేదాకా ఆ నోట్లో మాంసం కుక్కుతూనే ఉంది.

పకీరిసామి కుట్లు పడ్డ చెంపతో పెట్టె సర్దుకుని సుంగై పెటాని అనే ఊరికి పోయాడు. మళ్ళీ ఈ తోట వైపు రాలేదు. దీపావళి వచ్చింది, పోయింది. ఆ తరవాతి ఆదివారం నుంచీ ముత్యాలు పొయ్యి ఆరలేదు. మైల అన్నారు, కార్తీకం అన్నారు. ఎవరి మాటా వినలేదు. కోడి లేకపోతే పిచ్చుక, అదీ లేకపోతే ఎండుచేప. ఆదివారం ఇంట్లో ఏదో ఒకటి కాలాల్సిందే.

అలా మెర్డెకా ఏడు వచ్చింది. ఆగస్టు ఆఖరి శనివారం స్వతంత్రం, తోటంతా విందని చాటించారు. దానికి ముందు ఆదివారం ముత్యాలు చువ్వ కడుగుతుంటే పదిహేడేళ్ళ పాపాయి వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చేతులేసింది. పిల్ల మహా సంబరంగా ఉంది.

"అమ్మా, శనివారం ఎలాగూ పెద్ద విందుంది. ఈ ఒక్క ఆదివారం మానేద్దామే. ఆకలి మీదుంటే ఆ రోజు బాగుంటాది."

చెంప ఛెళ్ళుమంది. పిల్ల వెళ్ళి గోడకి కొట్టుకుని జారిపోయింది, పెదవి చిట్లింది. ముత్యాలు తన చేతిని చూసుకుంది, కూతుర్ని చూసింది. పక్కన కూలబడి కొంగుతో ఆ నెత్తురు ఒత్తుతూ, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"మీ అయ్య అడిగినాడే. అన్ని ఆదివారాలు అడిగినాడు. నాను పెట్టనేదు."