నేను తాకని గాలం

మా చిన్నప్పుడు... వానలు వెలిసిపోయినా స్వర్ణముఖి మడుగుల్లో నీళ్ళు నిలిచేవి. అలాంటి ఒక మడుగు గట్టున, తెల్లవారుతూనే మా నాయనా నేనూ కూర్చున్నాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. వెదురు కట్టె, దారం, గాలానికి గుచ్చిన వానపాము, నీటి మీద తేలే జీలుగు బెండు ముక్క... అంతే మా సరంజామా.

సరదాకి పోలేదు. ఇంట్లో అమ్మ బాలింత. తమ్ముడు పుట్టి ఆరు రోజులైనా పాలు పడలేదు. వాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ఊరికే నోరు తెరుస్తున్నాడు. చేపల పులుసు పోస్తే పాలు పడతాయని మంత్రసాని చెప్పింది.

నాయన రాత్రంతా చెరకు తోటకు నీళ్ళు కట్టి వచ్చాడు. కునుకు పడితే తట్టి లేపడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. బయల్దేరేటప్పుడు మా అవ్వ, అంటే నాయన తల్లి, వాకిట్లో నన్ను ఆపింది.

"గాలం మింద ఆడపిల్ల చెయ్యి పడిందంటే ఆ దినం ఏట్లో చేప మూతి తెరవదు. సూస్తా కూసో. తాకబాక మే."

సరేనన్నాను. అవ్వ మాటంటే మా ఇంట్లో అంతే... దానికి ఎదురు లేదు.

పొద్దెక్కింది. బెండు కదల్లేదు. నాయన ఎర మార్చాడు, చోటు మార్చాడు. మాట్లాడితే చేప బెదురుతుందని ఇద్దరం నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్నాం. సంగటి ముద్ద, ఊరిమిండి పచ్చడి తిన్నాం. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు మండుతున్నా నేను బెండు మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్యాహ్నం దాటాక నాయన కట్టె మొదలును బురదలో గుచ్చి, కాస్త నడుము వాల్చాడు. వాల్చడం ఆలస్యం... గురక.

అప్పుడు మునిగింది బెండు.

నాయన భుజం పట్టి కుదిపాను. "ఊఁ" అన్నాడు. బెండు రెండోసారి మునిగింది. మళ్ళీ కుదిపాను, గిల్లాను. అటు తిరిగి పడుకున్నాడు. మూడోసారి మునిగి పక్కకు జారిందంటే చేప గాలం మింగినట్టే, ఆ క్షణంలో లాగాలి. అది నాకు తెలుసు. కట్టె నాకు జానెడు దూరంలో ఉంది.

నేను చేతులు రెండూ వెనక్కు కట్టుకున్నాను.

బెండు పోయింది. కట్టె వంగి, బురదలోంచి ఊడి నీళ్ళలో పడింది. ఆ చప్పుడుకు లేచాడు నాయన. నడుం లోతు నీళ్ళలోకి దిగి కట్టెను పట్టుకొచ్చాడు. దారం తెగిపోయి ఉంది. మాకు ఉన్నది ఆ ఒక్క గాలమే.

ఇంటికొచ్చాక అవ్వ అడిగింది. నాయన తల వంచుకుని అన్నాడు... "నేనేం సేసేది మా. పాప గాలం ముట్టుకునేసింది."

నిద్రపోయానని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. నేను ఆయన ముఖంలోకే చూశాను. ఆయన కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి పోయాడు. లోపల అమ్మ అంతా విన్నది. నన్ను తిట్టలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక్క చేపతో పాలు పడేవో లేదో నాకు తెలియదు. పక్కింటివాళ్ళ మేకపాలు గుడ్డ పీలికతో పిండి పోసి తమ్ముణ్ణి బతికించుకున్నాం. కానీ వాడికి దగ్గొచ్చినా, బడిలో కళ్ళు తిరిగి పడినా ఆ గాలం మాటే. అమ్మ పోయేదాకా నేనే తాకాననుకుంది. నాయన మీద నేను చెప్పలేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఆయన నిజం చెబుతాడేమోనని ఎదురుచూశాను. చెప్పకుండానే పోయాడు.

పోయిన నెల తమ్ముడి మనవడికి చెవులు కుట్టించారు. అందరి ముందూ తమ్ముడు మళ్ళీ మొదలుపెట్టాడు. "మా యక్క చెయ్యి పడబట్టే గదప్పా నేను మేకపాల బిడ్డనైనాను." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, అన్నం ముందు నుంచి లేచి వచ్చేశాను. కోపమొచ్చిందేమోనని వాడు ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నాడు.

అందుకే చెబుతున్నాను. తమ్ముడా, నువ్వూ చదువు. నేను తాకలేదు. తాకినందుకు కాదు, తాకనందుకే ఆ చేప పోయింది. నాయనను తప్పుబట్టడం నాకు ఇష్టమై కాదు... నా మీద ఉన్న మాట నాతోపాటు కాటికి రాకూడదు, అంతే.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మనవరాలు ఫోనులో రాస్తోంది. రాస్తూ రాస్తూ ఆపి అడిగింది... "మరి నువ్వు లాగేయొచ్చు కదవ్వా?"

తొమ్మిదేళ్ళ నాకు అవ్వ మాట దాటొచ్చన్న ఆలోచనే రాలేదు. ఈ కాలం పిల్లకు అదే ముందు వచ్చింది. ఆ రోజు గట్టున నా పక్కన ఇలాంటి పిల్ల ఒకత్తి ఉండి ఉంటే...

మీ ఇళ్ళల్లోనూ చేయని తప్పు మోసిన ఆడపిల్లలు ఉండే ఉంటారు. కింద రాయండమ్మా. రాయడం రాకపోతే నాలాగే ఎవరితోనైనా రాయించండి.