చివరి ఇంటి నల్లా

పదవీ విరమణ తరువాత నేను మళ్ళీ చదువులో చేరితే, అది కాలక్షేపం కోసమని బంధువులందరూ తీర్మానించారు. వాస్తవానికి ఆ చదువు నా నిద్రను హరించింది. ప్రధానోపాధ్యాయినిగా ఉన్నంతకాలం గంట ప్రకారం లేచి, గంట ప్రకారం పడుకున్నదాన్ని. ప్రజారోగ్యం, పర్యావరణ ఆరోగ్యం ప్రధానాంశాలుగా డిగ్రీలో చేరిన కొన్ని నెలలకే, చూసినదల్లా అనుమానంగా చూడడం అలవాటైంది. ఉప్పల్ చౌరస్తాలో పానీపూరీ బండి కింద ఉన్న బకెట్టు, నాచారం రోడ్డు పక్కన తవ్వి పూడ్చకుండా వదిలిన గుంట, పక్కింటి మేడపై మూత లేని ట్యాంకు, ఇవన్నీ నాతో మాట్లాడడం మొదలుపెట్టాయి. వాటిని ఊరుకోబెట్టడం నాకు చేతకాలేదు.

కళాశాల రామంతాపూర్ వైపు ఉంది. మొదటి రోజు నేను గదిలో అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడ్డారు. అలవాటు చొప్పున "కూర్చోండి" అన్నాను. కూర్చున్నారు. నేను వెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాను.

"మేడమ్, గిదేంది, మీరు గూడ మాతోటేనా?" అని వెనుక నుంచి ఒక అమ్మాయి అడిగింది.

"అవును. కాబట్టి మాట్లాడకుండా వినండి" అన్నాను. నవ్వారు. అక్కడ నాకు దొరికిన మొదటి స్వాగతం అదే.

పాఠం చెప్పే ఆవిడ నా పూర్వ విద్యార్థుల కన్నా చిన్నది. ఒక మధ్యాహ్నం ఆవిడ నీటి ద్వారా వ్యాపించే కామెర్ల గురించి చెబుతూ, సాధారణంగా మనుషులు కోలుకుంటారనీ, గర్భిణులకు, ముఖ్యంగా చివరి నెలలలో, అది ప్రాణం మీదికి రావచ్చుననీ అన్నారు. పక్కనున్న పిల్లలు ఆ వాక్యాన్ని రాసుకున్నారు. నా కలం ఆగిపోయింది. మా వీధి చివరి ఇంట్లో మల్లాపూర్ కర్మాగారంలో పనిచేసే ఒకతని కుటుంబం అద్దెకు ఉంటుంది. అతని తమ్ముడు కామెర్లతో మంచం పట్టి వారం దాటింది. అన్న భార్యకు ఏడో నెల.

తరగతి ముగియగానే షేర్ ఆటో పట్టుకుని నాచారంలో దిగి, మా ఇంటి ముందు ఆగకుండా తిన్నగా చివరి ఇంటికే వెళ్ళాను. మా వీధి ఎత్తులో మొదలై పల్లంలో మురికి కాలువ దగ్గర ముగుస్తుంది. మా ఇల్లు మొదట్లో, వాళ్ళది చివర. గడపలో ఆ అమ్మాయి అత్తగారు చాటలో బియ్యం చెరుగుతోంది.

"నీళ్ళు కాచి తాగుతున్నారా?" అని అడిగాను.

"కాగవెట్టిన నీళ్ళు సప్పగుంటయి టీచరమ్మా. దూప వోదు" అంది ఆవిడ.

"కోడలి కోసమైనా కాచాలి."

లోపలి నుంచి కోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. "నేను కాగవెట్టుకొనే తాగుతున్న మేడమ్. గని బోళ్ళు తోమేది, కూరగాయలు కడిగేది గవే నీళ్ళాయె. అసలు మా నల్లా సంగతి మీకు తెల్వదు. అది నీళ్ళియ్యదు, చేతులు గుంజుతది."

అది వేళాకోళమనుకున్నాను. మా ప్రాంతంలో నల్లా రోజు విడిచి రోజు ఉదయం పూట వస్తుంది. మరునాడు నీళ్ళొచ్చే వేళకు వెళ్ళాను. నల్లా తిప్పితే కాసిని నీళ్ళు పడి ఆగిపోయాయి. "ఇప్పుడు చెయ్యి వెట్టున్రి" అంది కోడలు. నల్లా మూతికి అరచెయ్యి ఆనించాను. చర్మాన్ని లోపలికి లాగింది. ఉలిక్కిపడి చెయ్యి తీసుకున్నాను.

"జెప్పిన్నా లేదా?" అని నవ్వింది ఆ పిల్ల.

నాకు నవ్వు రాలేదు. వీధి పొడవునా మోటార్లు గుయ్యిమంటున్నాయి. ప్రతి ఇంటివారూ నల్లా గొట్టానికే మోటారు బిగించి నీళ్ళను తమ సంపులోకి లాగుకుంటున్నారు. ఈ పద్ధతి నేరమని అందరికీ తెలుసు, చివరి ఇల్లు తప్ప మోటారు లేని ఇల్లూ లేదు. లాగేవారు ఇంతమంది అయ్యేసరికి చివర ఉన్న గొట్టం ఖాళీ అవుతుంది. ఖాళీ గొట్టం ఎక్కడ బీటవారి ఉంటే అక్కడ బయటి దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. ఆ చోట బయట ఉన్నది మురికి కాలువ. నిన్న పాఠంలో విన్నది ఈ రోజు నా అరచేతిని పట్టుకుని లాగింది.

గొట్టం మార్చమని నీటి సరఫరా కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. మా వీధి వరుస వచ్చినప్పుడు మారుస్తామన్నారు. ఏడో నెల వరుస కోసం ఆగదు. ఆదివారం సాయంత్రం వీధివారందరినీ మా వరండాలోకి పిలిచి, నల్లా వచ్చే రోజున గంటసేపు అందరూ మోటార్లు ఆపాలని చెప్పాను. చదువుకు సంబంధించిన క్షేత్రకార్యంగా కూడా దీన్నే ఎంచుకున్నానన్నాను.

హార్డ్‌వేర్ దుకాణం నడిపే ఎదురింటాయన మొదట నోరు విప్పాడు. "మీరు జెప్తె ఇంటం మేడమ్. గని నేను బంద్ జేసినంక పక్కింటాయన ఏసుకుంటె? ఆయన సంపు నిండుతది, నేను బకెట్ వట్టుకొని కూసుంట."

"నేనెందుకేస్త? నువ్వే ఏస్తవ్!" అన్నాడు పక్కింటాయన.

"మేడమ్, మీరు గంట కొట్టున్రి. గంట కొడితె అందరం బంద్ జేస్తం. టీసీ ఇస్తరేమోనని జర భయం గూడ ఉంటది" అన్నాడు ఎదురింటాయన. అందరూ నవ్వారు.

చివరికి ఒప్పుకున్నారు. నియమం స్పష్టంగా ఉంటే మనుషులు పాటిస్తారన్నది నా జీవితకాలపు విశ్వాసం. ఆ రాత్రి మాత్రం ఎవరు మాట తప్పుతారోనని ఒక్కొక్క ఇంటినీ మనసులో తిప్పుతూ పడుకున్నాను.

నీళ్ళ రోజున కాళ్ళు నిలవక వేళకు ముందే చివరి ఇంటికి చేరాను. నా చేతిలో కళాశాల వారిచ్చిన చిన్న గాజు గొట్టం, మందు సీసా ఉన్నాయి. నీళ్ళలో ఆ మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ మిగిలి ఉన్నప్పుడు పసుపు రంగు వస్తుంది. రంగు రాకపోతే ఆ నీటిని నమ్మకూడదు. వీధిలో నిశ్శబ్దం. ఇన్నేళ్ళలో నీళ్ళ వేళ మా వీధి అంత మౌనంగా ఉండడం నేను ఎరగను. నల్లా ఒకసారి దగ్గి, సన్నగా, తరువాత ధారగా, ఆగకుండా పోసింది. మొదటి నీళ్ళను పారబోయించి, గాజు గొట్టం నింపి చుక్కలు వేశాను. లేత పసుపు తేలింది.

"పసుపొస్తె మంచిదా మేడమ్?" అని కోడలు బెదురుగా అడిగింది. "మా మరిదికి కండ్లల్ల గదే వచ్చిందిగద."

"ఇందులో వస్తే మంచిదే."

"అయితె బిందెలు వెడుత" అని ఆమె వంగబోతుంటే అత్తగారు కసురుకుని తానే బిందె పెట్టింది. బిందె సగమైనా నిండలేదు. ధార సన్నబడింది. తీగలా సాగి తెగిపోయింది. నేను అరచెయ్యి ఆనించాను. లాగింది.

పై నుంచి ఒక మోటారు శబ్దం వినిపిస్తోంది. ఒక్కటే.

కోపంతో గాజు గొట్టం పట్టుకునే వీధి ఎక్కాను. ప్రతి గేటు దగ్గరా ఆగి చెవి పెట్టాను. ఒక్కొక్క ఇల్లూ నిశ్శబ్దంగా ఉంది. శబ్దం మాత్రం పైకి వెళ్ళిన కొద్దీ పెరిగింది. ఎదురింటాయన నోట్లో బ్రష్షుతో గేటు మీద వాలి ఉన్నాడు.

"ఏం ఎతుకుతున్రు మేడమ్?"

"మోటారు ఎవరు వేశారో చూస్తున్నాను."

ఆయన బ్రష్షు తీసి దానితోనే మా ఇంటి వైపు చూపించాడు. "మీ ఇంట్లదే." ఆ తరువాత లోపలికి వెళ్ళాడు. ఆయన మోటారు మొదలైంది. పక్కింటిది మొదలైంది. నేను గేటు తీసేలోపు వీధంతా ఎప్పటిలాగే గుయ్యిమంది.

మావారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు.

"ఎవరండీ మోటారు వేసింది?"

"ఎవరూ వేయలేదే. అదే వేసుకుంది" అన్నారు ఆయన. "నీళ్ళు రాగానే దానంతట అది నడవాలని ఆ పెట్టె పెట్టించింది నువ్వే కదా. పాపం, దానికి మీటింగు సంగతి ఎవరు చెప్పారు?"

నిజమే. ఎవరూ మరచిపోవడానికి వీలు లేకుండా గోడకు పెట్టించిన పెట్టె అది. మా ఇంట్లో మోటారు వేసే పని ఎవరికీ లేదు కాబట్టి, ఆపాలన్న సంగతీ ఎవరికీ తట్టలేదు. వీధివారందరినీ పేరుపేరునా అనుమానించాను కానీ, ఆ జాబితాలో మా గోడ లేదు.

ఆ పూటే ప్లంబరును పిలిపించి మోటారును గొట్టం నుంచి విప్పించాను. లోపల పెట్టనివ్వక గేటు పక్క అరుగు మీద, దారిన పోయేవారికి కనిపించేలా ఉంచాను.

"మోటర్ అమ్ముతున్రా మేడమ్?" అని సాయంత్రం ఎదురింటాయన అడిగాడు.

"లేదు. బయట నిలబెట్టాను."

ఆయన ఈసారి పెద్దగా నవ్వలేదు. తరువాతి నీళ్ళ రోజున మా సంపులోకి తనంతట తానుగా పడిన నీరు సగానికే వచ్చింది. మావారు బకెట్టు కొలతగా స్నానం చేస్తూ, చదువుకున్న భార్య దొరకడం ఎంత అదృష్టమో గట్టిగా చెప్పుకున్నారు. ఆ వారంలోనే ఎదురింటి మోటారు మౌనం పాటించింది. క్రమంగా మరికొన్ని ఇళ్ళు ఆగాయి. అన్నీ ఆగలేదు. చుట్టాలొచ్చిన ఇంట్లో, పెళ్ళి పనులున్న ఇంట్లో మళ్ళీ గుయ్యిమనేది.

ఎనిమిదో నెల, తొమ్మిదో నెల నాకు అలాగే గడిచాయి. కోడలికి తల్లి లేదు, కాన్పుకు వెళ్ళే పుట్టిల్లు లేదు. నీళ్ళ రోజున పసుపు తేలితే నా రోజు నిదానంగా సాగేది. తేలకపోతే మా ఇంట్లో కాచిన నీళ్ళు స్టీలు క్యానులో పోసుకుని వీధి దిగేదాన్ని. "ఫికర్ జేయకున్రి మేడమ్, మంచిగనే ఉన్న" అనేది ఆ పిల్ల. నేను ముందు ఆమె కళ్ళలోని తెలుపు చూసి, ఆ తరువాతే జవాబిచ్చేదాన్ని. మరిది లేచి పనికి పోతున్నా నాకు స్థిమితం చిక్కలేదు. మీ ప్రయత్నం ఫలించిందా అని కళాశాలలో అడిగితే, ఇంకా చెప్పలేనని జవాబిచ్చి కూర్చున్నాను.

ఆమెకు ప్రభుత్వ దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని అత్తగారు వీధి ఎక్కి వచ్చి మా గేటు దగ్గరే చెప్పింది. నీళ్ళ వల్లనా, కాచడం వల్లనా, అదృష్టం వల్లనా అన్నది నేను నిర్ణయించలేను. ఆ రోజు మధ్యాహ్నం మాత్రం, చాలా నెలల తరువాత, తలుపు తీసి ఉండగానే కుర్చీలో నిద్రపోయానట.

ఆమె ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు నీళ్ళ రోజున నేను గాజు గొట్టంతో వెళ్ళేసరికి, బిడ్డ అత్తగారి భుజం మీద ఉంది. కోడలు నల్లా దగ్గర నిలబడి ఉంది. ధార బాగానే పడుతోంది. నేను గాజు గొట్టం నింపి చుక్కలు వేస్తుండగానే ధార సన్నబడింది. నాకన్నా ముందే ఆమె అరచెయ్యి ఆనించింది.

"గుంజుతున్నది మేడమ్."

పై నుంచి ఒక మోటారు శబ్దం వినిపిస్తోంది.

"ఈసారి మాది కాదు" అన్నాను.

"ఎవలదైతేంది, పోయి సూస్త" అని ఆమె కొంగు నడుముకు దోపింది. "బాలెంతవు, యాడికే పోతవు?" అని అత్తగారు కేకేస్తూనే ఉంది. ఆమె అప్పటికే మొదటి గేటు దగ్గర చెవి పెట్టి వింటోంది. రంగు ఇంకా తేలని గాజు గొట్టం పట్టుకుని నేనూ వెనకాలే వీధి ఎక్కాను.