పైల్వాన్ ఓడ, అవ్వ పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో మా కోస్గి వైపు ఎవరికైనా పని దొరికిందంటే జీతం సంగతి తర్వాత అడిగేవారు. ముందు అడిగేది ‘నీడపట్టున పనేనా?’ అని. ఎండంటే ఏమిటో ఒంటికి తెలిసినవాళ్ల ప్రశ్న అది. నాకు దొరికింది అచ్చంగా నీడపట్టు పనే. ఎంత నీడంటే, మిట్టమధ్యాహ్నం కూడా పర్దా దించుకుని, చీకట్లో కూర్చుని, ఆకాశంలో తిరిగే ఓడలను కూల్చడం. తొంభైల మొదట్లో జడ్చర్ల బస్టాండు వెనక ఒక రేడియో, టీవీ రిపేరు దుకాణంలో పనికి కుదిరాను. దుకాణదారును ఊరంతా ఉస్తాద్ అనేది. (ఇంట్లో ఆయన బేగం కూడా అలాగే పిలిచేదని నా అనుమానం.) ముందు గదిలో రిపేర్లు చేసేవాళ్లం. వెనక గదిలో, హైదరాబాదు నుంచి కిరాయికి తెచ్చిన వీడియో గేమ్ సెట్టు ఒకటి చిన్న టీవీకి తగిలించి పెట్టాడు. పొద్దంతా దాన్ని చూసుకోవడం, రానివాళ్లకు ఆట నేర్పడం నా పని.

ఈ పని నాకు ఎంత అవసరమో చెప్పాలంటే మా మేనమామ గురించి చెప్పాలి. ఆయన అంగట్లో బర్రెల బేరగాడు. నన్ను తన దగ్గర పెట్టుకుంటానని చాలాకాలంగా అడుగుతున్నాడు. నాకేమో బర్రెను చూస్తే వణుకు. చిన్నప్పుడు ఒక బర్రె నా కొత్త అంగీ నమిలేసింది. ఆరేసిన అంగీ కాదు, తొడుక్కున్న అంగీ. అప్పటి నుంచి అది తల ఎత్తి చూస్తే చాలు, నేను గోడెక్కేవాణ్ణి. ఈ సంగతి తెలిసి కూడా బాపు (మా నాన్న) నన్ను జడ్చర్ల బస్సెక్కించేటప్పుడు ఒకటే మాట అన్నాడు: “గీ పనిల నిలబడ్తె సరే. లేకుంటె సప్పుడుజేయక వచ్చి మీ మామెంబడి అంగడికి పో. ఇగ మల్ల నన్నేమడగకు.” బాపు ఒక మాట అన్నాడంటే అన్నట్టే. అందుకే ఆ వెనక గదిలో నేను కూల్చిన ప్రతి ఓడలోనూ ఒక బర్రె కూర్చుని ఉన్నట్టే కాల్చేవాణ్ణి.

ఆ యేడు దసరాకు మా అవ్వ నన్ను చూడటానికి వచ్చింది. వచ్చింది ఊరికే కూర్చుంటుందా? ఆయుధ పూజ చెయ్యాల్సిందేనంది. స్క్రూడ్రైవర్లకు, పట్టుకార్లకు, తీగలు అతికే కడ్డీకి అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. చివరికి వెనక గదిలోకి వచ్చి, “నా మనుమనికి బువ్వ పెట్టే దేవుడు గిదేనా?” అని, కుంకుమలో కొబ్బరినూనె కలిపి టీవీ అద్దం నట్టనడుమ ఇంత లావు బొట్టు పెట్టింది. ఉస్తాద్ నెత్తిన రుమాలు కప్పుకుని, చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అవ్వ బస్సెక్కాక నేను గుడ్డ తీసుకుని అద్దం తుడవబోతే చెయ్యి పట్టుకున్నాడు.

“అరే, ఏం జేస్తున్నవ్‌రా? ముసలమ్మ దీవెన, దువా అది. తుడిస్తె దుకాణం బర్కత్ పోతది. ముట్టకు!”

నేను ముట్టలేదు. మర్నాటి నుంచి బొట్టు పక్కనుంచే ఓడలు ఎగరడం మొదలుపెట్టాయి. మొదట్లో చిరాకనిపించినా, నాలుగు రోజుల్లో నాకు జ్ఞానోదయమైంది. అంతవరకు అందరూ ఆడే పద్ధతి ఏమిటంటే, శత్రువు ఓడ ఎటు పోతే అటు, చేతిలోని కట్టె (జాయ్‌స్టిక్) గుంజి, తమ ఓడను ఉరికించడం, బొటనవేలు బొబ్బలెక్కేలా మీట నొక్కడం. తూటా పైకి పోయేసరికి ఆ ఓడ అక్కడుంటే గదా! నేను ఉరకడం మానేశాను. నా ఓడను సరిగ్గా బొట్టు కింద నిలబెట్టాను. శత్రువు అటూ ఇటూ ఊగుతూ బొట్టు దగ్గరికి వస్తుందనగా, ఇంకా రాకముందే కాల్చాను. అది బొట్టు దగ్గరికి, నా తూటా కూడా బొట్టు దగ్గరికి. ఢాం! వచ్చిందాన్ని వచ్చినట్టు రాల్చేశాను. గురి అంటే శత్రువు ఉన్నచోట కాదు, రాబోయే చోట కొట్టడమని ఏ పుస్తకమూ చదవకుండా కనిపెట్టినందుకు ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

నా విద్యను దాచుకోలేదు. వచ్చినవాళ్లందరికీ నేర్పాను. “ఉరకకు అన్నా, బొట్టు కింద నిలబడు. కదలకు. అదే వస్తది,” అని పెద్ద గురువులా వెనక నిలబడి చెప్పేవాణ్ణి. మా దగ్గరికి హైవే మీద లోడు కోసం ఆగిన లారీవాళ్లు ఎక్కువగా వచ్చేవారు. వాళ్లకు నాయకుడు ఒక డ్రైవరు. గొంతు పెద్దది కాబట్టి అందరూ ‘హారన్’ అనేవారు. ఆటలో రెండో మెట్టు కూడా దాటలేని హారన్ నా బొట్టు విద్యతో ఏకబిగిన మూడు మెట్లు దాటేశాడు. నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. “గీ పోరడు మామూలోడు గాదు ఉస్తాద్, ఇంజనీరు!” అన్నాడు. ఆ మాటతో నేను నేల మీద నడవడం మానేశాను.

నాలుగో మెట్టులో ఉంది అసలు కథ. అక్కడ చిన్న ఓడలేవీ రావు. పైనుంచి ఒక్కటే పెద్ద ఓడ మెల్లగా దిగి, తెర నడుమ కదలకుండా నిలబడుతుంది. దానికి పైల్వాన్ అని పేరు పెట్టుకున్నాం. చూడటానికి చేతులు ముడుచుకుని నిలబడ్డట్టే ఉండేది. ఏమీ చెయ్యదు. మనం బొట్టు కింద నిలబడి ఎన్ని తూటాలైనా కొట్టుకోవచ్చు. ఇక పడిపోతుంది అనుకునే లోపల మన ఓడే పటేలుమని పేలిపోతుంది! ఎవరు కొట్టారో, ఎక్కణ్ణుంచి కొట్టారో తెలియదు. హారన్ ఎన్నిసార్లు ఆడినా అంతే. కాలేజీ పోరగాళ్లు ఆడినా అంతే. గురువుగారైన నేను గోటీలాటలోలాగా ఒక కన్ను మూసి ఆడాను, ఊపిరి బిగబట్టి ఆడాను, నిలబడి ఆడాను. పైల్వాన్ అందరినీ సమానంగా చంపింది.

చివరికి హారన్ అననే అన్నాడు: “సెట్ల దోఖా ఉన్నది ఉస్తాద్. గెలవొద్దనే గట్ల జేసిన్రు. మేమేం పిచ్చోళ్లమా?” హైవే మీద హారన్ మోగితే వినిపించనిది ఎవరికి? వారం తిరగక ముందే వెనక గది ఖాళీ అయింది. ఉస్తాద్ గడ్డం నిమురుకుని, నా ముఖం చూడకుండా చెప్పాడు: “జుమ్మా దాక చూస్తా బేటా. గా పైల్వాన్‌ను పడగొడ్తె నలుగురు మల్ల వస్తరు. లేకుంటె సెట్టు వాపస్ ఇచ్చేస్తా. ఉత్త రేడియోలకు ఇద్దరం ఎందుకు, నువ్వే చెప్పు.” ఆయన గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కబురు ఎలా పోయిందో (కోస్గి బస్సు కండక్టరు మా ఉస్తాద్‌కు దోస్తు, కాబట్టి అలాగే పోయింది) జుమ్మా నాడు, అంటే శుక్రవారం పొద్దున్నే, మామ సిద్ధంగా ఉన్నాడని, నన్ను తీసుకుపోవడానికి బాపు వస్తున్నాడని తెలిసింది.

నమాజు అయి ఉస్తాద్ వచ్చేసరికి బాపు దుకాణం ముందు నా రేకు పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. తోడుగా అవ్వ కూడా వచ్చింది. తమాషా చూడటానికి హారన్ కూడా తన మందను తోలుకొచ్చాడు. “ఆఖరు ఆట ఆడు బేటా,” అన్నాడు ఉస్తాద్. ఆడాను. బొట్టు విద్య నన్ను మూడు మెట్లు దాటించింది. పైల్వాన్ దిగింది. చేతులు ముడుచుకుని నిలబడింది. నేను బొట్టు కింద నిలబడి కొట్టడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే మా అవ్వ ముందుకు వచ్చి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో, ఏం మనుషులయ్యా మీరు! దసరకు పెట్టిన బొట్టు ఇంకట్లనే ఉంచిన్రా? ఎండిపోయిన బొట్టు ఉంచుతరా ఎవలన్న?”

“అవ్వా, జరుగు! అడ్డం రాకు! సచ్చిపోత!” అని అరిచాను.

“సావుమాట తియ్యకు, శుక్రారం పూట,” అని కసిరి, కొంగు తడిచేసి టీవీకి అడ్డంగా నిలబడి రుద్దడం మొదలుపెట్టింది. నాకు అవ్వ వీపు తప్ప మరేమీ కనబడటం లేదు. ఏం చెయ్యాలో తోచక కట్టెను ఒక పక్కకు గుంజి పట్టుకున్నాను. అవ్వ పక్కకు జరిగింది. అద్దం తళతళలాడింది. నట్టనడుమ, ఇన్నాళ్లూ బొట్టు ఉన్నచోట, పైల్వాన్ కడుపులో ఒక చిన్న ఫిరంగి తోపు నోరు తెరిచి, మన తూటాల వరసలో కలిసిపోయేంత సన్నని తూటాను కిందికి వదిలి, మళ్లీ నోరు మూసుకుంది. ఆ తూటా నేను రోజూ నిలబడే జాగాలోంచే పోయింది. నేను అక్కడ లేను!

“ఓర్నీ తల్లీ!” అన్నాడు హారన్. వీధిలో పోయేవాళ్లు ఆగారు.

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. మూడు మెట్లు గెలిపించిన నా గొప్ప విద్యే నాలుగో మెట్టులో అందరినీ తోపు నోటికింద నిలబెట్టి చంపించింది. కానీ అప్పుడు సిగ్గుపడే తీరిక ఎక్కడిది? పక్కన నక్కి చూశాను. తోపు నోరు తెరవబోయే ముందు ఒక్క క్షణం ఎర్రబడుతుంది. దాని ఒంటికి మన తూటా ఎక్కేది ఆ ఒక్క క్షణమే. ఎర్రబడగానే నడుమకు దూరి ఒక దెబ్బ వేసి పక్కకు తప్పుకున్నాను. మళ్లీ ఎర్రబడింది, మళ్లీ దూరాను. దూరడం, కొట్టడం, తప్పుకోవడం. ఉస్తాద్ నా చెవి పక్కనే “ఆహిస్తా బేటా, ఆహిస్తా, మెల్లగ” అంటున్నాడు. ఎంతసేపు అయిందో తెలియదు. పైల్వాన్ ఒక్కసారి వణికి, తెర నిండా రంగురంగుల నిప్పురవ్వలై పోయింది.

గదంతా ఒకటే గోల. నేను మాత్రం లేవలేకపోయాను. బరువంతా దిగిపోయి కళ్లల్లో నీళ్లు వచ్చాయి. (పొగ అని చెప్పాను. అక్కడ పొగ లేదు.) ఉస్తాద్ అవ్వ ముందు వంగి సలాం పెట్టి, “అమ్మా, ఆపినదీ నీ బొట్టే, దాటించినదీ నీ కొంగే,” అన్నాడు. “గా పెట్టెల ఏమున్నదో నాకేమెరుక నాయినా, పాత బొట్టు ఉంచొద్దు, గంతే,” అని అవ్వ బొడ్లో సంచి తీసి కుంకుమ బరిణె మూత విప్పింది. నేను, ఉస్తాద్, హారన్ ముగ్గురం ఒక్క గొంతుతో అరిచాం: “నడుమ వద్దు!”

అవ్వ మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూసి, టీవీ నెత్తి మీద బొట్టు పెట్టింది. బాపు మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. “ఏదీ, గా కట్టె జర ఇటియ్యి,” అన్నాడు. మొదటి మెట్టులోనే అటూ ఇటూ ఉరికి పేలిపోయాడు. మళ్లీ ఆడాడు, మళ్లీ పేలాడు. “ఉరకకు బాపూ, నడుమ నిలబడు,” అన్నాను. “నడుమ యాడనో ఎట్ల తెలుస్తదిరా, బొట్టే లేకపాయె!” అని విసుక్కున్నాడు. ఆ ఆటల్లో పడి కోస్గి బస్సు పోయింది. లేచి పంచె దులుపుకుంటూ, “మామకు నేను చెప్తలే. నువ్వు ఫికర్ జేయకు,” అన్నాడు. ఆ మాట విన్నప్పుడు కలిగిన హాయి నాకు పెళ్లినాడు కూడా కలగలేదు. (మా ఆవిడ ఇది చదవదని నమ్మకం.)

రేకు పెట్టె మళ్లీ లోపలికి వచ్చింది. ఆ దుకాణం నాకు బతుకంతటికీ సరిపడా పని నేర్పింది. ఇప్పుడు అవ్వ లేదు, ఉస్తాద్ లేడు, ఆ సెట్టు ఏ పాతసామాన్లలో కలిసిందో తెలియదు. మొన్న దసరాకు మా అమ్మాయి తన కంప్యూటరు తెర ముందు బరిణె పట్టుకుని నిలబడితే, నాకు తెలియకుండానే “నడుమ వద్దు బిడ్డా!” అని కేకేశాను. ఎందుకు నాన్నా అని అది నవ్వింది. చెప్పాను, నమ్మలేదు. నమ్మకపోతే పోనీ. ఇప్పటికీ నేను బస్సులో పోతుంటే అప్పుడప్పుడు రోడ్డుకు అడ్డంగా బర్రెల మంద వస్తుంది. డ్రైవరు తిడతాడు, జనం విసుక్కుంటారు. నేను మాత్రం కిటికీ పక్కన నీడపట్టున కూర్చుని, ఆ మంద వెనక కర్ర పట్టుకుని నడవాల్సిన ఆ ఇరవయ్యేళ్ల పోరణ్ణి తలుచుకుని, అవ్వకు దండం పెట్టుకుంటాను.